విరిచే చేత్తోనే అతికించే పని

పార్కిన్సన్స్ ఉన్న మనిషి ఇంట్లో గడియారం మాత్రల చుట్టూ తిరుగుతుంది. వేళకు మాత్ర పడితే కాసేపటికి బిగుసుకుపోయిన వేళ్లు వదులవుతాయి, చొక్కా గుండీ పెట్టుకోవడం కుదురుతుంది, మంచినీళ్ల గ్లాసు తొణక్కుండా పెదవుల దాకా వస్తుంది. వేళ తప్పితే అడుగు ముందుకు పడదు. ఆ మాత్రలోని ముఖ్యమైన మందు లీవోడోపా, రసాయన శాస్త్రం పిలిచే పేరు ఎల్-డోపా. మన ఒంట్లో ఎప్పుడూ ఉండే టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి ఒక్క ఆక్సిజన్-హైడ్రోజన్ జంట అదనంగా తగిలిస్తే ఎల్-డోపా అవుతుంది. తేడా అంతే, కానీ ఆ మనిషి జీవితానికి ఆ కాస్తే ఆధారం. నిజానికి మెదడుకు కావలసింది డోపమిన్. దాన్ని నేరుగా ఇస్తే రక్తానికీ మెదడుకీ మధ్య ఉన్న అడ్డుగోడ లోపలికి పోనివ్వదు. ఎల్-డోపాకు అమైనో ఆమ్లం రూపం ఉంది కాబట్టి అమైనో ఆమ్లాలను మెదడులోకి మోసుకెళ్లే ద్వారాలు దాన్నీ దాటిస్తాయి, లోపలికి వెళ్లాక అది డోపమిన్‌గా మారుతుంది. పప్పు, గుడ్డు, మాంసం బాగా తిన్న వెంటనే ఈ మాత్ర వేసుకోవద్దని డాక్టర్లు చెప్పేది కూడా ఇందుకే. తిండిలోని ప్రోటీను నుంచి వచ్చిన అమైనో ఆమ్లాలు అదే ద్వారం దగ్గర పోటీకి వస్తాయి. అమైనో ఆమ్లాన్ని కొద్దిగా మార్చి తయారుచేసే పదార్థాలు ఇన్ని మందుల్లో ఎందుకు కనిపిస్తాయంటే, శరీరానికి ఆ రూపం పరిచయం.

ఆ రూపంలో ఒక చిక్కుంది. ఎడమకాలి చెప్పు, కుడికాలి చెప్పు ఒకే తోలుతో, ఒకే కొలతతో, ఒకే కుట్టుతో తయారవుతాయి. అయినా ఒకదాని చోట ఇంకొకటి పనికిరాదు. ఒక్క గ్లైసిన్ తప్ప, ప్రోటీన్లలో ఉండే అమైనో ఆమ్లాలన్నీ ఇలా ఎడమ, కుడి జతలుగా ఉండగలవు. మన ప్రోటీన్లన్నీ ఎడమ రూపంతోనే కట్టుకున్నవి. డోపా కథలో ఈ తేడా ఎంత పెద్దదో 1960ల చివర్లో తేలింది. 1967లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జార్జ్ కొట్జియాస్ రోగులకు పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి, కదలలేని మనుషులు కదలడం చూపించారు. అప్పుడు ఇచ్చింది రెండు రూపాలూ కలిసిన మిశ్రమం. కొందరిలో తెల్ల రక్తకణాలు తగ్గాయి. కుడి రూపాన్ని తీసేసి ఎడమ రూపం ఒక్కటే ఇచ్చిన తర్వాత దాదాపు సగం మోతాదు సరిపోయింది, ఆ ఇబ్బందీ తొలగింది. అంటే మిశ్రమంలో సగభాగం మందు కాకపోవడమే కాదు, ఒంటికి అనవసరపు భారం కూడా. మామూలు రసాయన చర్యకు ఎడమ కుడి తెలియదు. ఫ్లాస్కులో రెండూ సమానంగా పుడతాయి. కాబట్టి ఇలాంటి మందు తయారుచేసేవాడి ముందున్న అసలు ప్రశ్న అణువును ఎలా కట్టాలన్నది కాదు, ఒక్క చెప్పునే ఎలా కుట్టాలన్నది. ఆ ప్రశ్నకు బాక్టీరియా ఎంజైములు ఇచ్చే జవాబు మిగతా జవాబులకంటే మెరుగైనది, ఎడమ కుడి తేడా ఉన్న అణువు దేనికైనా ముందుగా ప్రయత్నించి చూడాల్సింది ఆ దారే అని నా అభిప్రాయం. ఇది నమ్మకం మీద చెప్పే మాట కాదు. మిగతా దారులను పక్కన పెట్టి చూసుకోవచ్చు.

మొదటి దారి మొక్క. దూలగొండి మన పొలంగట్ల మీద, కంచెల మీద పాకే తీగ. కాయ మీది నూగు ఒంటికి తగిలితే దురద ఎలా ఉంటుందో పల్లెల్లో పెరిగినవాళ్లకు చెప్పక్కర్లేదు. దాని గింజల్లో ఎల్-డోపా ఉందని 1937లో మద్రాసు విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో దామోదరన్, రామస్వామి నిరూపించారు. ఆయుర్వేదం ఆ గింజను ఎన్నో శతాబ్దాల నుంచి వాడుతోంది. ప్రకృతి ఎడమ రూపాన్నే తయారుచేసి పెడుతుంటే కర్మాగారం దేనికని అడగడం న్యాయమే. గింజ బరువులో ఎల్-డోపా వంతు నూటికి సుమారు మూడు నుంచి ఆరు. నేలను బట్టి, రకాన్ని బట్టి, కోతకాలాన్ని బట్టి మారుతూ ఉంటుంది. పార్కిన్సన్స్ రోగికి మిల్లీగ్రాముల లెక్కన మోతాదు కుదర్చాలి. తక్కువైతే బిగుసుకుపోతారు, ఎక్కువైతే ఒళ్లు తనంతట తానే మెలికలు తిరుగుతుంది. గింజలోని మిగతా తొంభై అయిదు పాళ్ల సరుకును వదిలించుకోవడానికి బోలెడు నీళ్లు, ద్రావణులు కావాలి. మందు కోసం ప్రపంచం మొత్తానికీ సరిపడా దూలగొండి పండించడానికి నేల కావాలి. మొక్క మనకు ఈ అణువును చూపించింది, దానికి రుణపడి ఉండాలి. కానీ రోజూ లక్షల మందికి ఒకే కొలతతో అందాల్సిన మందుకు అది నమ్మకమైన వనరు కాదు.

రెండో దారి రసాయన శాస్త్రం సాధించిన గొప్ప విజయాల్లో ఒకటి. అమెరికాలోని మోన్‌శాంటో కంపెనీలో విలియం నోల్స్ అనే రసాయనవేత్త రోడియం అనే అరుదైన లోహానికి, ఒకవైపుకే ఒరిగిన ఫాస్ఫరస్ అణువును జోడించి ఉత్ప్రేరకం తయారుచేశారు. అది హైడ్రోజన్‌ను అణువుకు ఒకే పక్క నుంచి అందిస్తుంది, దాంతో ఎడమ రూపమే దండిగా వస్తుంది. 1970ల్లో ఈ పద్ధతితో ఎల్-డోపా కర్మాగారంలో తయారైంది. ఐస్‌క్రీముకు వాసన ఇచ్చే వెనిలిన్‌తో మొదలుపెట్టి, మెట్టు మెట్టుగా కట్టుకుంటూ పోయి, చివర్లో తాత్కాలికంగా తగిలించిన తొడుగులను ఊడదీస్తే మందు చేతికొస్తుంది. 2001లో నోల్స్‌కు నోబెల్ బహుమతి వచ్చింది. అది పూర్తిగా అర్హమైన బహుమతి. అప్పటిదాకా ఎంజైములు మాత్రమే చేయగలవనుకున్న పనిని మనిషి కట్టిన ఉత్ప్రేరకం చేసి చూపించింది. ఇంత బాగా చేయగలిగినప్పుడు బాక్టీరియా ఎందుకన్న అభ్యంతరానికి అందుకే బలం ఉంది. అయితే ఆ దారిలో మెట్లు చాలా ఉన్నాయి. ప్రతి మెట్టు దగ్గరా కడగాలి, వడకట్టాలి, ఆరబెట్టాలి, కొంత సరుకు పోగొట్టుకోవాలి. ఉత్ప్రేరకం ఇచ్చేది నూటికి తొంభై అయిదు పాళ్ల ఎడమ మొగ్గు. మిగిలినదాన్ని స్ఫటికీకరణతో సరిదిద్దాలి. రోడియం బంగారం లాంటి లోహం, చివరి అణువు దాకా వెనక్కి రాబట్టుకోవాలి, మాత్రలో దాని జాడ మిగలకూడదు.

మూడో దారి జపాన్‌లో క్యోటో విశ్వవిద్యాలయంలో తెరుచుకుంది. ఎర్వీనియా హెర్బికోలా అనే బాక్టీరియా మొక్కల ఆకుల మీద బతుకుతుంది. ఇప్పుడు దానికి పాంటోయియా అని పేరు మార్చారు. టైరోసిన్ దొరికితే దాన్ని మూడు ముక్కలుగా విరిచే ఎంజైము దాని దగ్గర ఉంది. ఆ ముక్కలు ఫీనాల్, పైరువిక్ ఆమ్లం, అమ్మోనియా. బాక్టీరియాకు అది భోజనం సంపాదించుకునే పని. హిదేఅకి యమదా, హిదెహికో కుమగాయ్, వారి సహచరులు గమనించిందేమిటంటే, ఆ మూడు ముక్కలను దండిగా పోస్తే అదే ఎంజైము వాటిని తిరిగి టైరోసిన్‌గా అతికిస్తుంది. ఫీనాల్ బదులు దానికి తోబుట్టువు లాంటి కాటెకాల్ ఇస్తే అతుక్కుని వచ్చేది ఎల్-డోపా. ఒకే మెట్టు. తొడుగులు తగిలించి ఊడదీసే పని లేదు, అరుదైన లోహం లేదు, ద్రావణి నీళ్లు. వచ్చేది ఎడమ రూపం ఒక్కటే. ఎంజైము నడిమధ్య ఉన్న గుంటే ఎడమ ఆకారానికి అచ్చు పోసినట్టుంటుంది, కుడి రూపం అందులో కుదురుకోదు. అజినొమొతో కంపెనీ ఈ పద్ధతిని కర్మాగారం స్థాయికి తీసుకెళ్లింది.

ఈ చర్యను కాస్త దగ్గరగా చూడటం మంచిది, ఎందుకంటే ఎంజైము పద్ధతుల బలమూ బలహీనతా రెండూ ఆ ట్యాంకులోనే కనిపిస్తాయి. విరిచేది అతికిస్తుందనడంలో మాయ లేదు. ఏ ఉత్ప్రేరకమైనా చర్యను రెండు దిక్కులకూ వేగిరం చేస్తుంది. ఏ దిక్కుకు నడవాలో నిర్ణయించేది ట్యాంకులో ఏది ఎక్కువగా ఉంది, ఏది తక్కువగా ఉంది అన్న లెక్క. ఎల్-డోపా నీళ్లలో అంత తేలిగ్గా కరగదు. తయారైనది తయారైనట్టే తెల్లటి పొడిలా అడుక్కి దిగుతుంది. అలా దిగిపోయినది లెక్కలోంచి తప్పుకున్నట్టే కాబట్టి, ఎంజైము ఇంకా అతికిస్తూనే ఉంటుంది. నీళ్లలో జరిగే చర్యలో లీటరుకు వంద గ్రాములు దాటి మందు రావడానికి ఇదే కిటుకు. ఇబ్బంది మరోవైపు ఉంది. కాటెకాల్ ఎంజైముకే విషం. ఒక్కసారిగా పోస్తే ఎంజైము చచ్చుబడుతుంది, అందుకే కొద్దికొద్దిగా అందిస్తూ ఉండాలి. వేడి పెరిగితే పైరువిక్ ఆమ్లం వెళ్లి తయారైన ఎల్-డోపాతోనే పెనవేసుకుని పనికిరాని పదార్థం పుట్టిస్తుంది, అందుకే ట్యాంకును పదిహేను డిగ్రీల దరిదాపుల్లో చల్లగా ఉంచుతారు. ఇంకో చిక్కు చూడండి. ఈ బాక్టీరియా టైరోసిన్ కనిపిస్తేనే ఆ ఎంజైమును తయారుచేసుకుంటుంది. పెంచేటప్పుడు టైరోసిన్ వేస్తే అది మిగిలిపోయి మందులో కలుస్తుంది. టైరోసిన్ కూడా నీళ్లలో సరిగా కరగదు కాబట్టి రెండిటినీ విడదీయడం కష్టం. క్యోటో శాస్త్రవేత్తలు ఎంజైము తయారీకి మీట లాంటి జన్యువును పట్టుకుని, టైరోసిన్ లేకపోయినా మీట వేసి ఉంచేలా మార్చారు. ఒక మంచి పద్ధతి వెనుక ఇలాంటి పట్టుదల ఎంతుంటుందో బయటికి కనిపించదు.

ఒక్క డోపా దగ్గర అదృష్టం కలిసొచ్చిందని, దాన్ని పట్టుకుని సూత్రం చెప్పకూడదని ఎవరైనా అనవచ్చు. అందుకే ఇంకో రెండు చూద్దాం. అమాక్సిసిలిన్ క్యాప్సూలు లేని మందుల షాపు మన ఊళ్లలో లేదు. ఆ మందుకు పక్కన తగిలించే ముక్క ఒక అమైనో ఆమ్లం, పారా హైడ్రాక్సీ ఫినైల్ గ్లైసిన్. అది కుడి రూపంలోనే కావాలి. మన ప్రోటీన్లలో లేని కుడి రూపం బాక్టీరియాకు కొత్త కాదు, దాని గోడల్లోనే కుడి రూపపు అమైనో ఆమ్లాలున్నాయి. జపాన్‌లో కనేకా కంపెనీ 1980 ప్రాంతంలో ఫీనాల్ నుంచి హైడాంటోయిన్ అనే వలయాన్ని కట్టి, దాన్ని బాక్టీరియా ఎంజైముతో తెరిపించే పద్ధతిని నిలబెట్టింది. వలయాల్లో సగం ఎడమవి, సగం కుడివి. ఎంజైము కుడివాటినే ముట్టుకుంటుంది. మామూలుగా అయితే ఎడమ సగం దండగ అవ్వాలి. కానీ కొద్దిపాటి క్షారంలో ఆ ఎడమ వలయాలు తమంతట తామే అటూ ఇటూ మారుతూ ఉంటాయి. కుడివైపుకు తిరిగిన ప్రతిదాన్నీ ఎంజైము పట్టుకుంటూ పోతే, చివరికి మొత్తం సరుకు కుడి రూపంగా మారుతుంది. సగం పారేయాల్సిన చోట ఏమీ పారేయకుండా చేయడమే ఈ పద్ధతి అందం.

రెండోది మధుమేహానికి వాడే సిటాగ్లిప్టిన్. మన దేశంలో దాని పేటెంటు 2022లో ముగిశాక చవకగా దొరుకుతూ ఇప్పుడు ఎన్నో తెలుగు ఇళ్లలో ఫలహారం పళ్లెం పక్కన కనిపిస్తోంది. ఇది బీటా అమైనో ఆమ్లపు ఉత్పన్నం. మొదట్లో దీన్నీ నోల్స్ దారిలోనే రోడియంతో, పీడనంలో హైడ్రోజన్‌తో తయారుచేసేవారు. మెర్క్, కోడెక్సిస్ కంపెనీల శాస్త్రవేత్తలు ఆర్త్రోబాక్టర్ అనే నేల బాక్టీరియా నుంచి వచ్చిన ఒక ఎంజైమును తీసుకున్నారు. మొదట అది ఈ పనిని కొంచెం కూడా చేయలేదు, అణువు దాని గుంటలో పట్టనే లేదు. గుంటను కొద్దికొద్దిగా మారుస్తూ, పనిచేసినదాన్ని ఉంచుకుని మిగతావి వదిలేస్తూ, చివరికి ఇరవై ఏడు మార్పులతో పనికొచ్చే ఎంజైమును రాబట్టారు. 2010లో ప్రచురించిన లెక్కల ప్రకారం పాత పద్ధతి కంటే దిగుబడి 10 నుంచి 13 శాతం, ఉత్పాదకత 53 శాతం పెరిగాయి, వ్యర్థాలు 19 శాతం తగ్గాయి. ఇలా ఎంజైములను తరతరాలుగా ఎంచుకుంటూ మెరుగుపరిచే మార్గాన్ని చూపినందుకు ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్‌కు 2018లో నోబెల్ వచ్చింది. పోటీ పడింది చేతకాని పాత పద్ధతితో కాదు, నోబెల్ స్థాయి రసాయన పద్ధతితో. అక్కడ కూడా ఎంజైము నెగ్గింది కాబట్టే దాన్ని చివరి ప్రయత్నంగా కాక మొదటి ప్రయత్నంగా చూడాలంటున్నాను.

ఎంజైములు ఖరీదైనవి, నాజూకైనవి, ఒకసారి వాడి పారేస్తే గిట్టుబాటు కాదన్న మాట పరిశ్రమలో తరచు వినపడుతుంది. ఈ మాటకు జవాబు యాభై ఏళ్లకు పైగా ఉంది. 1969లో జపాన్‌లోని తనబే కంపెనీలో ఇచిరో చిబాతా బృందం ఎంజైమును ఒక ఆధారానికి అంటించి గొట్టంలో నింపి, పైనుంచి అమైనో ఆమ్లాల ద్రావణాన్ని పోస్తూ కిందినుంచి ఎడమ రూపాన్ని రాబట్టింది. ఆ ఎంజైము బూజు నుంచి వచ్చింది. 1973లో ఇ.కొలై బాక్టీరియా కణాలనే జెల్‌లో బంధించి అస్పార్టిక్ ఆమ్లం తయారుచేశారు. అంటించిన ఎంజైము కొట్టుకుపోదు, వారాల తరబడి పనిచేస్తుంది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకొకటుంది. నీళ్లలో చర్య అనగానే అది శుభ్రమైన చర్య అని అర్థం కాదు. లీటరు నీళ్లలో పది గ్రాముల సరుకు వస్తే మిగతా నీళ్లన్నీ ఆవిరి చేయాలి, దానికి ఇంధనం తగలబడుతుంది, మిగిలిన మురుగును శుద్ధి చేయాలి. ఎల్-డోపా పద్ధతి నిలబడింది గ్రాములు వంద దాటబట్టే. సిటాగ్లిప్టిన్ ఎంజైము పనిచేసేది కూడా సగం పాళ్లు డీఎంఎస్ఓ అనే ద్రావణి కలిపిన నీళ్లలో. కాటెకాల్ పెట్రోలియం నుంచే వస్తుంది. ఇవన్నీ నిజాలు. అందుకే ఎంజైము పేరు చెప్పగానే పచ్చముద్ర వేయకూడదు, కిలో మందుకు ఎన్ని కిలోల వ్యర్థం వచ్చిందో లెక్క అడగాలి. 1992లో రోజర్ షెల్డన్ ఈ కొలమానాన్ని ప్రతిపాదించి, మందుల తయారీలో కిలోకు 25 నుంచి 100 కిలోలు, కొన్నిసార్లు అంతకు మించి వ్యర్థం పోగవుతోందని చూపించారు. ఆ లెక్కలో మెట్లు తగ్గించే పద్ధతికి మొగ్గు రావడం సహజం.

జన్యువులు మార్చిన బాక్టీరియాతో చేసిన మందు మింగాలా అన్న భయం కూడా చదువరుల్లో కొందరికి ఉంటుంది. బాక్టీరియా అనగానే జబ్బే గుర్తొస్తుంది గాని, రాత్రి పాలలో తోడు వేసి పడుకునే ఇంట్లో ఆ భయానికి అంత చోటు లేదు. పైగా పెరుగులో బాక్టీరియాను బతికుండగానే తింటాం. మందులో అది ఉండదు. కణాలను వడకట్టి, స్ఫటికాలను కడిగి, మళ్లీ కరిగించి మళ్లీ గడ్డకట్టించి, పరీక్షలు దాటాకే మాత్ర అవుతుంది. ఎల్-డోపా అణువు దూలగొండి నుంచి వచ్చినా, రోడియం నుంచి వచ్చినా, ఎర్వీనియా నుంచి వచ్చినా ఒకటే. అది ఎక్కడ పుట్టిందో అణువు మీద రాసి ఉండదు. జాగ్రత్త పడాల్సింది మాత్ర దగ్గర కాదు, కర్మాగారం వెనక కాలువ దగ్గర.

ఆ కాలువ గురించి తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పాల్సిన పని లేదు. హైదరాబాదు చుట్టూ బల్క్ డ్రగ్ పరిశ్రమ పెరిగిన తీరు మనకు ఉద్యోగాలు ఇచ్చింది, ప్రపంచానికి చవక మందులు ఇచ్చింది, పటాన్‌చెరు వైపు చెరువులకు, బోరుబావులకు తీరని నష్టమూ చేసింది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రకటించారు. ఆ మందు మింగిన రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. ఎంజైములు వస్తే ఇది ఆగిపోతుందని చెప్పడం అబద్ధం అవుతుంది. తయారైన మందు మురుగులో కలవడాన్ని ఆపేది ఎంజైము కాదు, కర్మాగారం క్రమశిక్షణ, తనిఖీ. కానీ ఆ చెరువుల్లో చేరినవి మందులొక్కటే కావు. మెట్టు మెట్టుకీ వాడి వదిలిన ద్రావణులు, ఆమ్లాలు, లవణాలు కూడా ఉన్నాయి. ఎనిమిది మెట్ల పనిని రెండు మెట్లలో చేస్తే మొదట తగ్గేది అవే. మన పరిశ్రమ బలం రసాయన సంశ్లేషణలో ఉంది. కొత్త దారిలో తడబడటం కంటే ఉన్న బలాన్ని నమ్ముకోవడమే తెలివని కొందరు అంటారు. మెర్క్ రసాయనవేత్తలకూ సంశ్లేషణలో బలం తక్కువేం కాదు. ఎంజైమును మలిచేవాళ్లు, సంశ్లేషణ తెలిసినవాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చోవడమే వాళ్లకు కలిసొచ్చింది.

కూర్చోవడానికి చోటు ఇప్పుడు కాకినాడ తీరంలో కూడా ఉంది. చైనా ధరలతో పోటీ పడలేక దేశంలో మూతపడిన పెనిసిలిన్-జి తయారీ, అరబిందో ఫార్మా అనుబంధ సంస్థ లైఫియస్ కర్మాగారంతో 2024లో అక్కడ మళ్లీ మొదలైంది. ఏడాదికి 15 వేల టన్నుల సామర్థ్యం దానిది. పెనిసిలిన్-జి బూజు తయారుచేసే మందు. అమాక్సిసిలిన్ కావాలంటే దాని తోకను కత్తిరించి, ఆ చోట ఇందాక చెప్పుకున్న కుడి రూపపు అమైనో ఆమ్లాన్ని అతికించాలి. తోకను కత్తిరించడానికి పెనిసిలిన్ ఎసైలేజ్ అనే బాక్టీరియా ఎంజైమును చాలా కాలంగా వాడుతున్నారు. అతికించడం మాత్రం డైక్లోరోమీథేన్ లాంటి ద్రావణుల్లో, సున్నాకు చాలా దిగువ చలిలో రసాయనాలతో జరిగేది. ఆ పని కూడా ఇప్పుడు నీళ్లలో, మామూలు చల్లదనంలో జరిపించవచ్చు. చేసేది ఇంకో ఎంజైము కాదు, తోకను కత్తిరించిన ఆ ఎసైలేజే. అమైనో ఆమ్లాన్ని కాస్త చురుకైన రూపంలో అందిస్తే అది అతికిస్తుంది. ఆలస్యం చేస్తే అతికించినదాన్ని మళ్లీ విరుస్తుంది కూడా. కాబట్టి నమూనాలు తీస్తూ, అతుకు ఎక్కడ గరిష్ఠానికి చేరిందో, ఎక్కడ విరుపు మొదలైందో కనిపెట్టి, ఆ నిమిషానికి ఎంజైమును వడకట్టి పక్కకు తీయగలిగినవాళ్లు ట్యాంకు దగ్గర ఉండాలి.